పికప్‌లో కొబ్బరి బస్తాలు జరిగిపోతున్నాయి, కమాను పట్టీ వేయించాలా?

తమ్ముడూ, మీ ప్రశ్నను నా మాటల్లో ఒకసారి చెప్పి మొదలుపెడతాను. 1.3 టన్నుల పికప్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. అంబాజీపేట నుంచి కొబ్బరికాయలు, తిరుగు దారిలో భీమవరం నుంచి రొయ్యల మేత తెస్తున్నారు. పోయిన వారం కాలువ లాకుల (నీటిని ఆపి వదిలే తలుపుల) దగ్గర వంతెన దిగి మలుపు తిప్పేసరికి బస్తాలన్నీ ఒక పక్కకు జరిగాయి, వెనక చక్రం కాలువ గట్టు అంచు దాకా వెళ్లి ఆగింది. మెకానిక్ ఇంకో కమాను పట్టీ, అంటే వెనక బరువు మోసే స్ప్రింగులో ఇంకో ఇనుప పట్టీ, వేయించమన్నాడు. టైర్ల షాపులో వెడల్పు టైర్లు వేయమన్నారు. ఏది చేయాలి, ఈ బండిని ఎలా చూసుకోవాలి అని అడిగారు.

రెండూ చేయించవద్దు. పాలకొల్లు దగ్గర 31 ఏళ్లుగా సరుకు బండ్ల మీదే బతుకుతున్నాను. మొదట క్లీనర్‌ని, తరువాత డ్రైవర్‌ని, ఇప్పుడు నాకే రెండు పికప్‌లు ఉన్నాయి. మీ బండిని గట్టు మీదకు తోసింది కమాను కాదు, టైరు కాదు. కట్టు లేని బరువు.

ముందు కమాను సంగతి. పట్టీ వేయిస్తే వెనక భాగం లేచి, ఎంత ఎత్తినా బండి కుంగినట్టు కనిపించదు. బరువు ఎక్కువైందని బండి మనకు చెప్పగలిగిన మాట ఆ కుంగడం ఒక్కటే. పట్టీ వేయించడమంటే దాని నోరు నొక్కడమే. యాక్సిల్ (చక్రాలను కలిపే ఇరుసు) అదే, హబ్ బేరింగులు అవే, బ్రేకు డ్రమ్ములు, లైనర్లు అవే. ఏదీ బలపడలేదు. ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది, చాలామంది మెకానిక్‌లు కూడా దీన్ని పట్టించుకోరు. మీ బండి కింద పడుకుని వెనక యాక్సిల్ వైపు చూడండి. చాలా పికప్‌లలో ఛాసిస్‌కు, అంటే బండి అడుగు చట్రానికి, ఒక చిన్న బ్రేకు వాల్వు బిగించి ఉంటుంది, దాన్ని సన్నని రాడ్డుతో యాక్సిల్‌కు కలుపుతారు. లోడు ఎక్కి బాడీ కిందికి దిగినకొద్దీ ఆ రాడ్డు కదిలి, వెనక బ్రేకులకు ఎక్కువ ఒత్తిడి వదులుతుంది. ఖాళీ బండిలో వెనక చక్రాలు పట్టేసి జారిపోకుండా ఒత్తిడి తగ్గిస్తుంది. అదనపు పట్టీ వేసి బాడీని పైకి లేపితే, టన్నున్నర మోస్తున్న బండిని కూడా ఆ వాల్వు ఖాళీ బండిగానే లెక్కపెడుతుంది. వెనక బ్రేకు సగం పనే చేస్తుంది. సెకండ్ హ్యాండ్ బండి కనుక, పాత యజమాని ఇప్పటికే పట్టీ వేయించాడేమో రెండు పక్కలా లెక్కపెట్టి చూడండి. ఆ రాడ్డు ఊడదీసి తీగతో కట్టేసిన బండ్లను కూడా చూశాను. అలా ఉంటే వెంటనే సరిచేయించండి.

ఇక బరువు. ఆర్‌సీలో ఖాళీ బరువు, మొత్తం బరువు అని రెండు అంకెలు ఉంటాయి. వాటి తేడాయే మీరు ఎత్తగలిగినది, అందులో మీరూ, మీ మనిషీ, టార్పాలినూ, తాళ్లూ కూడా ఉన్నాయి. పాత బండికి చుట్టూ యాంగిల్ ఫ్రేము, అడుగున రెండో రేకు, కేబిన్ మీద క్యారియర్ వేయించి ఉంటారు. అవన్నీ మీ సరుకులోంచి తీసివేతే. రేపే ఖాళీ బండిని వేబ్రిడ్జి కాటా మీద పెట్టి తూయించండి. ఆర్‌సీలోని ఖాళీ బరువు కంటే వంద, నూట యాభై కిలోలు ఎక్కువ తేలితే ఆశ్చర్యపడకండి. మొత్తం బరువు 3,000 కిలోలు దాటని సరుకు బండికి పర్మిట్ అక్కరలేదని చట్టంలో ఉంది. దాన్నే కొందరు మూడు టన్నులు ఎత్తవచ్చని అర్థం చేసుకుంటున్నారు. ఆ మూడు టన్నుల్లో బండి కూడా ఉంది.

మన ప్రాంతపు సరుకులతో లెక్క వేసుకుంటే తేలిక. ధాన్యం 75 కిలోల బస్తాలైతే 1.3 టన్నులకు పదిహేడు. మేత 25 కిలోల సంచులైతే యాభై రెండు, మనుషుల బరువు తీస్తే నలభై ఆరుకు మించకూడదు. ఒలిచిన కొబ్బరికాయ అర కిలోకు పైనే తూగుతుంది, అంటే రెండు వేల కాయలకే టన్ను దాటుతుంది. రొయ్యల పట్టుబడికి వెళ్తే ఐసును మరచిపోతారు. రొయ్య ఎంతో ఐసు కూడా ఇంచుమించు అంతే పోస్తారు కదా, బండిలో సగం బరువు ఐసుదే. చేపపిల్ల బేరం వస్తే మరీ జాగ్రత్త. బాడీలో టార్పాలిన్ పరిచి నీళ్లు నింపుతారు. తొమ్మిది అడుగుల పొడవు, అయిదున్నర అడుగుల వెడల్పు ఉన్న బాడీలో ఒక్క అడుగు లోతు నీళ్లు దాదాపు 1,400 లీటర్లు. లీటరంటే కిలో. మోకాలి దాకా కూడా రాని నీళ్లతోనే బండి నిండిపోయింది. పైగా అవి కదిలే నీళ్లు. బ్రేకు వేస్తే ముందుకు వచ్చి కొడతాయి, మలుపులో బయటి పక్కకు ఒరుగుతాయి. చేపపిల్లకు అడ్డగోడలున్న ట్యాంకులు ఉంటేనే ఒప్పుకోండి, లేకపోతే ఆ బేరం వదులుకోండి.

జరిమానా గురించి కూడా తెలుసుకోండి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ కింద అధిక లోడుకు 20,000 రూపాయలు, పైన ప్రతి అదనపు టన్నుకు 2,000. సరుకు బాడీ పక్కలకో, వెనక్కో, ఎత్తులోనో హద్దు దాటి ఉంటే దానికి విడిగా 20,000.

పేర్చడం దగ్గరకు వద్దాం. బరువంతా కేబిన్ వెనక గోడకు ఆనించి మొదలుపెట్టి, వెనక యాక్సిల్‌కు ముందే ఎక్కువ భాగం పడేలా చూడండి. వెనక డోరు దగ్గర బరువు పేరుకుంటే ముందు చక్రాలు తేలిపోతాయి, స్టీరింగ్ చేతికి దూదిలా తగులుతుంది. అలా తగిలిందంటే బండి పక్కకు ఆపి సర్దుకోవలసిందే. కొబ్బరి బస్తా గుండ్రంగా ఉంటుంది, ఒకదాని మీద ఒకటి నిలువుగా ఎత్తితే దొర్లుతుంది. గోడకు ఇటుకలు పేర్చినట్టు, కింది వరుసలో రెండు బస్తాల మధ్య సందులో పై బస్తా కూర్చోవాలి. మేత సంచుల బాధ వేరు. అవి ప్లాస్టిక్ సంచులు, ఒకదాని మీద ఒకటి నూనె రాసినట్టు జారతాయి. రెండు మూడు వరుసలకొకసారి మధ్యలో గోనె పట్టాలు పరవండి, అడుగున రేకు మీద కూడా పరవండి. నా బండిలో ఎప్పుడూ ఇరవై పాత గోనెలు ఉంటాయి. తడిసిన రేకు మీద ప్లాస్టిక్ ట్రేలు ఎంత సులువుగా జారతాయో ఐసు లోడు మోసినవాళ్లకు తెలుసు. పక్కన ఖాళీ మిగిలితే గడ్డి కుక్కిన సంచులతో నింపండి. జరగడానికి చోటు దొరికితే సరుకు తప్పకుండా జరుగుతుంది.

గట్టిగా బ్రేకు వేస్తే సరుకు తన బరువులో పదింట ఎనిమిది వంతుల బలంతో ముందుకు నెడుతుంది, మలుపులో పదింట అయిదు వంతుల దాకా పక్కకు నెడుతుంది. కట్టు ఆ బలానికి తట్టుకోవాలన్నది లోడు కట్టడంలో ప్రమాణం. మీ 1,200 కిలోల కాయలు మలుపులో 600 కిలోల బలంతో పక్కకు తోశాయన్నమాట. వాటిని మీరు ఒక్క నైలాన్ తాడుతో, అదీ నడుమ మీదుగా, కట్టానని రాశారు.

కనీసం మూడు తాళ్లు వేయండి. ముందు ఒకటి, నడుమ ఒకటి, వెనక వరుసను పైనుంచి నొక్కుతూ ఒకటి. బాడీ కింది కొక్కేనికి ఒక కొస కట్టి, తాడును లోడు మీదుగా అవతలికి వేయండి. అవతలి కొక్కేనికి మూరెడు పైన తాడులోనే మెలిక తిప్పి చిన్న ఉచ్చు చేయండి. మిగిలిన తాడును కొక్కెం కిందుగా తిప్పి పైకి తెచ్చి, ఆ ఉచ్చులోంచి దూర్చి కిందికి లాగండి. చేతి బలంతో కాదు, ఒంటి బరువు వేసి లాగాలి. అప్పుడు ఉచ్చు కప్పీలా పనిచేసి, మీరు లాగినదానికి రెట్టింపు బిగువు వస్తుంది. జారకుండా ఆ చోటును బొటనవేలితో నొక్కి పట్టి, రెండు చుట్లు తిప్పి ముడి వేయండి. వేలితో మీటితే తాడు టంగుమనాలి. యాంగిల్ అంచు మీద తాడు ఆనే ప్రతి చోటా పాత టైరు ముక్క పెట్టండి, తాడు తెగేది ఎప్పుడూ ఆ అంచు దగ్గరే. నైలాన్ తాడు తడిస్తే సాగుతుంది, బలం కూడా కొంత తగ్గుతుంది, కనుక వాన మొదలవగానే దిగి మళ్లీ బిగించాలి. ఎండకు రంగు వెలిసి, చేతికి నూగు అంటుతున్న తాడును పశువులకు కూడా వాడవద్దు. డబ్బు ఉంటే మీటతో బిగించే రాట్చెట్ బెల్టులు నాలుగు కొనుక్కోండి, మేత సంచులకు వాటిని మించినవి లేవు.

బయలుదేరాక అయిదారు కిలోమీటర్ల దగ్గర ఒకసారి ఆపండి. సరుకు అప్పటికి సర్దుకుని కిందికి దిగి ఉంటుంది, తాళ్లు వదులై ఉంటాయి. ఆ ఒక్క ఆగడం మానేసినందుకు నేను చూసింది చెబుతాను. 2004 వేసవిలో రాజోలు వైపు నుంచి రావులపాలెం కాయల లోడుతో వస్తున్నాను. క్లీనర్ కుర్రాడికి పందొమ్మిదేళ్లు. కేబిన్‌లో ఉక్కగా ఉందని లోడు మీద కూర్చున్నాడు, నేను వద్దనలేదు. కాలువ మలుపులో చిన్న గోతిలో చక్రం దిగింది. వదులైన తాడు పక్కకు జారింది, ఆరేడు బస్తాలు, వాటితో పాటు కుర్రాడు కాలువలోకి వెళ్లిపోయారు. కాలువలు కట్టేసిన రోజులు కనుక నీళ్లు లేవు, బురద మీద పడ్డాడు. తొడ ఎముక విరిగింది. ఎనిమిది నెలలు మంచం మీద ఉన్నాడు. ఇప్పుడు అతనికి సొంత బండి ఉంది, కనిపిస్తే నవ్వుతూ పలకరిస్తాడు. కొద్దిగా కుంటుతూ నడిచి వస్తుంటే నేను ఇప్పటికీ అతని కాళ్ల వైపు చూడలేను. ఆ రోజు నుంచి నా బండి లోడు మీద మనిషి ఎక్కలేదు.

అందుకే ఇది గట్టిగా అడుగుతున్నాను. పట్టుబడికి కూలీలను, పెళ్లికి చుట్టాలను, తీర్థానికి ఊరివాళ్లను బాడీలో ఎక్కించవద్దు. సరుకు యజమాని గానీ అతని తరఫు మనిషి గానీ కేబిన్‌లో కూర్చుంటే ఇన్సూరెన్సు వర్తిస్తుంది. బాడీలో ఎక్కినవాళ్లకు వర్తించదు. జరగరానిది జరిగితే పరిహారం మీ ఇంటి మీదకు వస్తుంది. అది కూడా చిన్న సంగతి, ఆ మనుషులు తిరిగి రారు.

ఎండుగడ్డి కిరాయి వచ్చినప్పుడు ఎత్తు చూసుకోండి. తోటల్లో కరెంటు తీగలు వేలాడుతుంటాయి. గడ్డి పైభాగం తీగకు తగిలితే క్షణాల్లో అంటుకుంటుంది, మీకు కేబిన్‌లో తెలిసేసరికి వెనక మంట లేచి ఉంటుంది. లోడు ఎక్కాక దిగి, తోట బయటి దాకా దారిని నడిచి చూసి రండి.

గట్టు రోడ్ల మీద నడపడం విడిగా నేర్చుకోవలసిన విద్య. మన డెల్టా మట్టి తడిస్తే వెన్నలా అవుతుంది. తారు అంచు దాటిన మూరెడు నేల పైకి గట్టిగా కనిపించినా, వాన తరువాత లోడు చక్రం దిగితే కాలువ వైపు జారుతుంది. ఎదురు బండికి దారి ఇవ్వవలసి వస్తే కాలువ పక్క ఉన్నవాళ్లు తారు మీదే ఆగాలి, చేను పక్క ఉన్నవాళ్లు దిగాలి. పోటీకి పోకండి, వెనక్కు తీసుకోవలసి వస్తే మీరే తీసుకోండి. చెరువు గట్టు ఎక్కే ముందు దిగి మడమతో నొక్కండి, మడమ దిగితే బండి కూడా దిగుతుంది. అలాంటి చోట సరుకును ట్రాక్టరు మీద రోడ్డుకు తెప్పించుకోవడమే మంచిది. రాత్రి కాలువ పక్కన వెళ్తున్నప్పుడు కిటికీ అద్దం సగం దించి ఉంచుతాను, సీటు బెల్టు పెట్టుకుంటాను. బండి నీళ్లలో పడితే తలుపు తీయడం కుదరదు, నీటి ఒత్తిడి తీయనివ్వదు. బెల్టు విప్పి, వెంటనే కిటికీలోంచి రావాలి. ఈ సంగతి మీ క్లీనర్‌కు కూడా చెప్పి ఉంచండి.

కోతల కాలంలో రోడ్డు మీద ధాన్యం ఆరబోసి చుట్టూ రాళ్లు పెడతారు, చీకట్లో అవి కనిపించవు. గింజల మీద బ్రేకు వేస్తే టైరు పూసల మీద నడిచినట్టే. ముందే వేగం తగ్గించడం తప్ప మార్గం లేదు. సఖినేటిపల్లి రేవులో పంటు (బండ్లను ఏరు దాటించే పడవ) ఎక్కిస్తే ఇంజను ఆపి, గేరులో వేసి, హ్యాండ్ బ్రేకు లాగి, చక్రానికి ముందూ వెనకా చెక్క పెట్టి, మీరు బండి దిగి నిలబడండి.

వరదల సంగతి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. లంకలో సరుకు ఉంటే రెండోదాని కోసం ఎదురుచూడకండి. మొదటి హెచ్చరిక రాకముందే బండి ఏటిగట్టు ఇవతలకు వచ్చేయాలి. కనకాయలంక లాంటి కాజ్‌వేల (ఏటికి అడ్డంగా తక్కువ ఎత్తులో కట్టిన దారుల) మీద నీళ్లు పారుతుంటే అడుగు లోతే అనిపిస్తుంది. ప్రవాహం ఖాళీ పికప్‌ను పక్కకు నెట్టడానికి అది చాలు. నిలిచిన నీళ్లైతే చక్రం సగానికి మించనంత వరకు, మొదటి గేరులో, ఆపకుండా, గేరు మార్చకుండా వెళ్లవచ్చు. మధ్యలో ఇంజను ఆగిపోతే మళ్లీ సెల్ఫ్ కొట్టవద్దు. సిలిండర్‌లోకి నీరు చేరి ఉంటే, నీరు గాలిలా నలగదు కనుక కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. తోయించుకుని బయటకు తెచ్చి మెకానిక్‌ను పిలవండి. నీళ్లలోంచి బయటపడ్డాక బ్రేకును మెల్లగా నొక్కుతూ కొంత దూరం నడిపి ఆరబెట్టండి. మరునాడు వెనక హౌసింగ్ (వెనక యాక్సిల్ నడుమ గేర్లుండే గూడు) ఆయిల్ కొద్దిగా తీసి చూడండి. పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీరు చేరినట్టే, మొత్తం మార్చాలి.

ఇక్కడ బండిని తినేసేది పరుగు కంటే ఉప్పు. రొయ్యల ట్రేల నుంచి కారే ఉప్పునీరు రేకు సందుల్లోంచి ఛాసిస్ మీదకు, బ్రేకు పైపుల మీదకు, కమానును ఛాసిస్‌కు పట్టి ఉంచే హ్యాంగర్ల మీదకు చేరుతుంది. రొయ్యల లోడు దింపిన రాత్రే, ఎంత అలసినా, మంచినీళ్లతో కింది నుంచి కడగాలి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే ఆ కడగడం దండగ. కాలువలో దింపి కడగవద్దు తమ్ముడూ, కింది ఊళ్లు ఆ నీళ్లనే చెరువులకు పెట్టుకుని తాగుతున్నాయి. బకెట్లతో తెచ్చుకుని దూరంగా కడుక్కోవచ్చు. బాడీ అడుగున నీరు పోయే రంధ్రాలు మూసుకుపోకుండా పుల్లతో పొడవండి. ఏడాదికొకసారి, వానలకు ముందు, తుప్పు గీకించి కింద కోటింగ్ వేయించండి. తుప్పు మీదే కోటింగ్ కొడితే లోపల తినడం ఆగదు, పైకి కనబడదు.

గ్రీజు గన్ను ఒకటి కొనుక్కోండి. వానాకాలంలో గ్రీజు పాయింట్లకు పదిహేను రోజులకొకసారి, పాత గ్రీజు బయటకు వచ్చేదాకా కొట్టండి. డీజిల్ ఫిల్టరు కింద నీరు వదిలే మర ఉంటుంది, అది వారం వారం విప్పి చూడండి. గాలి ఉదయం టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. ఎంత కొట్టాలో డ్రైవర్ తలుపు పక్కన అంటించిన కాగితం మీద, ఖాళీకి ఒక అంకె, లోడుకు ఒక అంకె ఉంటాయి. టైరు పక్కన నాలుగంకెల ముద్ర చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. గుండీ (రోడ్డుకు ఆనే గాడుల భాగం) బాగున్నా వయసు మీరిన టైరు మే నెల ఎండలో లోడుతో పేలుతుంది. చక్రం విప్పి బిగించాక యాభై, వంద కిలోమీటర్లకు నట్లు మళ్లీ బిగించాలి. పొగ వడపోసే డీపీఎఫ్ ఉన్న బీఎస్-6 బండి అయితే, ఊళ్లోనే తిప్పకుండా అప్పుడప్పుడు హైవే మీద ఒకే వేగంతో అరగంట నడపండి, లేకపోతే మసి పేరుకుని బండి మొరాయిస్తుంది.

దొంగల గురించి అడిగారు. ఇక్కడ బండి కంటే స్టెప్నీ, బ్యాటరీ ఎక్కువగా పోతాయి. రెంటికీ గొలుసు, మంచి తాళం వేయించండి. గేరు లాకు, సీటు కింద దాచిన స్విచ్చు, చిన్న జీపీఎస్ పెట్టుకుంటే చాలు. కాగితాల్లో ఫిట్‌నెస్ ఒకటి మరవకండి, ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకొకసారి, ఆ తరువాత ఏటేటా.

ఇప్పుడు మీరు చేయవలసినవి. రేపు కాటాకు వెళ్లే ముందు చిన్న సుత్తి పట్టుకుని బండి కిందకు వెళ్లండి. కమాను హ్యాంగర్లు ఛాసిస్‌కు కలిసే నాలుగు చోట్ల మెల్లగా కొట్టండి. ఖంగుమంటే మంచి ఇనుము. మొద్దుగా శబ్దం వచ్చి పొరలు రాలితే, అతుకు వేయించేదాకా లోడు ఎత్తవద్దు. ఆ నాలుగు చోట్ల ఫొటోలు, ఖాళీ బరువు, పట్టీల లెక్క, ఆ బ్రేకు వాల్వు రాడ్డు ఉందో లేదో నాకు రాయండి. మీ దారిలో వచ్చే లాకుల వంతెనలు నాకు తెలిసినవే, ఎన్ని బస్తాలు ఎలా వేస్తే నిలుస్తాయో బొమ్మ గీసి పంపుతాను.